బడి పొయ్యి: కులం, కూలి, అప్పు

విజయవాడ పాయకాపురం ప్రభుత్వ జూనియర్ కళాశాలలో 2025 జనవరి 4న మధ్యాహ్న భోజన పథకాన్ని ఇంటర్మీడియట్ విద్యార్థులకు విస్తరించారు. పదో తరగతి దాటినంత మాత్రాన పిల్లల ఆకలి తీరదని ప్రభుత్వం గుర్తించడం స్వాగతించవలసిన విషయమే. అయితే ఈ పథకం గురించి మన రాష్ట్రంలో జరిగే చర్చ ఎప్పుడూ రెండు మూడు అంశాలకే పరిమితమవుతున్నది. పేరు ఎవరిది, చిక్కీ కవరు మీద బొమ్మ ఎవరిది, ఏ రోజు ఏ కూర? 2020 జనవరిలో అది ‘జగనన్న గోరుముద్ద’ అయింది. 2024లో ‘డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం’ అయింది. పేరు మారిన ప్రతిసారీ శాసనసభలోనూ పత్రికల్లోనూ వాదోపవాదాలు సాగాయి. ఆ అన్నం వండుతున్నది ఎవరు, వారి కులమేమిటి, వారికి దక్కే కూలి ఎంత, పప్పూ నూనే కొనడానికి మొదటి రూపాయి ఎవరి చేతినుంచి వస్తున్నది అన్న ప్రశ్నలు మాత్రం అంతగా వినబడలేదు. కృష్ణా డెల్టా వంటి ప్రాంతంలో ఈ ప్రశ్నలను పక్కనబెట్టి పౌష్టికాహారం గురించి మాట్లాడటం సాధ్యం కాదని నా అభిప్రాయం.

బడి పొయ్యి దగ్గరికి గ్రామీణ మహిళ ఎలా వచ్చిందో ముందుగా గుర్తు చేసుకోవాలి. ఆహార హక్కు కోసం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఇచ్చిన ఉత్తర్వు, ప్రభుత్వ పాఠశాలల్లో బియ్యం పంచి చేతులు దులుపుకోవడం చాలదని, వండిన భోజనమే పెట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో ఆ భోజనం మొదలైంది. వంట బాధ్యతను ఎక్కువ చోట్ల డ్వాక్రా సంఘాలకు అప్పగించారు. 2004 ఏప్రిల్ 20న అదే కేసులో కోర్టు మరో అడుగు వేసింది. వంటవారి నియామకంలో దళితులకు, షెడ్యూల్డ్ తెగలవారికి ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. ఈ దేశ న్యాయ చరిత్రలో ఇది అసాధారణమైన వాక్యం. అంటరానితనాన్ని నిషేధించడం ఒక ఎత్తు. అంటరానివారన్న ముద్ర వేసిన చేతులతోనే ఊరి పిల్లలందరికీ అన్నం వండించమనడం మరో ఎత్తు.

ఆ వాక్యం విలువ డెల్టాలో బతికినవారికి తెలుస్తుంది. 1985 జూలై 17 నాటి కారంచేడు మారణకాండకు నాంది ఏమిటి? మంచినీటి చెరువును మురికి చేయవద్దని ఒక మాదిగ మహిళ అభ్యంతరం చెప్పడం. నీళ్ల దగ్గర నోరెత్తినందుకు నరికి చంపిన నేలమీద, ఇరవై ఏళ్లు తిరగకముందే, దళిత మహిళ ప్రభుత్వ ఉత్తర్వు పట్టుకుని బడి వంటగదిలో అడుగుపెట్టింది. సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ ఐదు రాష్ట్రాల్లోని 531 గ్రామాల సర్వే ఆధారంగా రాసిన వ్యాసం 2005లో వెలువడింది. రాజస్థాన్‌లో దళిత వంటవారు ఉన్న గ్రామాలు పదో వంతు కూడా లేవు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు సగం గ్రామాల్లో ఉన్నారు. ఈ తేడా ఆధిపత్య కులాల మనసు మారడం వల్ల రాలేదు. కారంచేడు, చుండూరుల తరువాత దళిత ఉద్యమం కట్టిన బలం, సారా వ్యతిరేక పోరాటం నుంచి పొదుపు సంఘాల దాకా గ్రామీణ మహిళలు కట్టుకున్న నిర్మాణం, ఈ రెండూ కలిసిన చోట బడి పొయ్యి వెలిగింది.

ఈ రెండో పాయ చరిత్రలో విదేశీ సాయం పాత్ర గణనీయమైనది. మన తల్లిదండ్రుల తరం బడిలో తిన్న పసుపుపచ్చ రవ్వ ఉప్మా, తాగిన పాలపొడి పాలు అమెరికా మిగులు ధాన్యం నుంచి ‘కేర్’ సంస్థ ద్వారా వచ్చినవి. ఆ తరంవారు ఇప్పటికీ దాన్ని ‘అమెరికా ఉప్మా’ అనే తలచుకుంటారు. రుచిని గురించి వారిలో ఏకాభిప్రాయం లేదు గాని, ఆకలి తీరిందన్న విషయంలో ఉంది. 1982లో యూనిసెఫ్ తోడ్పాటుతో డ్వాక్రా పుట్టింది. 1990లలో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో మహిళా సంఘాలతో ప్రయోగం చేసింది. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో ‘వెలుగు’ వచ్చింది. దాన్ని నడపడానికి సెర్ప్ ఏర్పడింది. ఈ కార్యక్రమాలన్నీ ‘సాధికారత’ అనే మాటను మన పల్లెలకు మోసుకొచ్చాయి. ఆ మాట వట్టి డొల్ల అని నేను అనను. సమావేశంలో కుర్చీ వేసుకుని కూర్చోవడం, బ్యాంకు మేనేజరుతో నిలబడి మాట్లాడటం, సంతకం పెట్టడం చిన్న విషయాలు కావు. డెల్టాలో దళితవాడ నుంచి మండల సమాఖ్య దాకా ఎదిగిన మహిళలను నేను చూశాను.

కాని సాయం ఇచ్చిన సంస్థలకు గ్రామీణ మహిళ అన్నిటికంటే మించి అప్పు తిరిగి కట్టే మనిషిగా కనిపించింది. ఈ చూపు ఎక్కడికి దారితీసిందో మొదట బయటపడింది కృష్ణా జిల్లాలోనే. 2006 మార్చిలో జిల్లా యంత్రాంగం రంగంలోకి దిగి సూక్ష్మ రుణ సంస్థల శాఖలను సుమారు యాభై దాకా మూయించింది. అధిక వడ్డీలు, బలవంతపు వసూళ్లు, అవమానాలు, ఆత్మహత్యల ఆరోపణలు అప్పుడే వెలుగులోకి వచ్చాయి. నాలుగేళ్ల తరువాత 2010 అక్టోబరులో రాష్ట్రమంతటికీ ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. పేద మహిళ అప్పు ఎగవేయదన్న నమ్మకమే ఆ వ్యాపారానికి మూలధనం. ఆ నమ్మకాన్ని ఆ తరువాత మరొకరు కూడా వాడుకున్నారు. వడ్డీ వ్యాపారులను గురించి కాదు, ప్రభుత్వాన్ని గురించి మాట్లాడుతున్నాను.

లెక్క చూద్దాం. 2025 మే 1 నుంచి కేంద్రం నిర్ణయించిన వంట సామగ్రి ఖర్చు ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 6 రూపాయల 78 పైసలు, ప్రాథమికోన్నత తరగతులకు 10 రూపాయల 17 పైసలు. బియ్యం ప్రభుత్వం ఇస్తుంది. మన రాష్ట్రంలో గుడ్లు, చిక్కీ గుత్తేదారులు సరఫరా చేస్తారు. పప్పు, నూనె, కూరగాయలు, చింతపండు, కారం, గ్యాసు వంట ఏజెన్సీ మహిళ తెచ్చుకోవాలి. అరవై మంది పిల్లలున్న ఒక ప్రాథమిక పాఠశాలను తీసుకుంటే రోజుకు నాలుగు వందల రూపాయల పైచిలుకు, నెలకు 22 పని దినాలకు దాదాపు 9,000 రూపాయలు. ఈ డబ్బు ముందుగా చేతికి రాదు. వండి పెట్టిన తరువాత హాజరు లెక్క చూసి, బిల్లు పెట్టి, అది పైకి వెళ్లి తిరిగి వచ్చేదాకా ఆమే పెట్టుబడి పెట్టాలి. మూడు నెలల బిల్లు ఆగితే 27,000 రూపాయలు. ఇక ఆమె ఆదాయం ఎంత? రాష్ట్రం 2019లో 3,000 రూపాయలకు పెంచిన గౌరవ వేతనం ఏడాదిలో పది నెలలకు లెక్కిస్తే 30,000. అంటే మూడు నెలల బకాయిలో ఆమె ఏడాది ఆదాయం దాదాపుగా ప్రభుత్వం దగ్గర చిక్కుకుంటుంది.

ఈ పెట్టుబడి ఎక్కడినుంచి వస్తుంది? కిరాణా దుకాణంలో ఖాతా, గ్రూపు అప్పు, మెడలోని పుస్తె. మహిళా సాధికారత కోసమని ప్రపంచ బ్యాంకు నుంచీ వాణిజ్య బ్యాంకుల నుంచీ దిగువకు పారిన రుణం, బడి పొయ్యి దగ్గర మలుపు తిరిగి ప్రభుత్వానికి వడ్డీ లేని చేబదులుగా ఎగువకు పారుతున్నది. గ్రూపుకు వడ్డీ ఆమె కడుతుంది. ఆమెకు బకాయి ఉన్న ప్రభుత్వం వడ్డీ కట్టదు. గ్రామీణాభివృద్ధి చదివే నా విద్యార్థులకు పాఠ్యపుస్తకంలో సాయం ధనిక దేశం నుంచి పేద దేశానికి, అక్కడినుంచి పేద ఇంటికి బాణం గుర్తుతో కనిపిస్తుంది. ఆ బాణాన్ని తిప్పి గీయమని నేను వారికి చెబుతుంటాను.

బందరు కాలువ వెంబడి కొన్ని పాఠశాలలకు విద్యార్థులతో కలిసి వెళ్లినప్పుడు ఒక వంట కార్మికురాలిని బిల్లు రాకపోతే వంట ఆపవచ్చు కదా అని మావాడొకడు అడిగాడు. ఆమె గంటె ఆపకుండానే, ‘బిల్లు వచ్చేదాకా పిల్లలు ఆగుతారా అండీ’ అన్నది. ఆమె మనుమరాలు అదే బడిలో మూడో తరగతి. ఈ జవాబును మాతృహృదయంగా పొగడటం మనకు అలవాటు. పొగడ్త వల్ల ప్రభుత్వానికి కలిసివచ్చే లాభం ఏమిటంటే, సమ్మె చేయలేని శ్రామికురాలు దొరుకుతుంది. నాట్ల రోజుల్లో పొలానికి వెళితే వచ్చే కూలిని వదులుకుని ఆమె ఇక్కడ ఉన్నది. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌కు నిర్ణయించిన ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. బడిలో నెలను ముప్పై రోజులుగా విడగొడితే ఆమెకు పడేది రోజుకు నూరు. ‘గౌరవ వేతనం’ అన్న మాటలో గౌరవం ఎంతో, వేతనం ఎంతో ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే అర్థమవుతుంది. కేంద్రం 2009 డిసెంబరు నుంచి గుర్తిస్తున్న మొత్తం నెలకు 1,000 రూపాయలు. ఆ అంకె నేటికీ కదలలేదు. అందులోనూ కేంద్రం భరించేది 600 మాత్రమే. ఆమెను కార్మికురాలిగా కాక స్వచ్ఛంద సేవకురాలిగా చూపే ఈ పదం వల్ల కనీస వేతన చట్టం బడి గేటు బయటే ఆగిపోతున్నది.

కులం సంగతికి వద్దాం. దళిత వంటమనిషి చేతి అన్నాన్ని పిల్లలు నిరాకరించిన సంఘటనలు దేశంలో తరచూ వార్తలకెక్కుతుంటాయి. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో జరిగింది, అంతకుముందు 2018లో తమిళనాడులోని తిరుప్పూరు జిల్లాలో జరిగింది. మన డెల్టాలో అలాంటి గొడవలు అంతగా వినిపించవు కదా అని కొందరు మిత్రులు సంతృప్తి పడుతుంటారు. నాకు ఆ సంతృప్తి లేదు. ఇక్కడ నిరాకరణ పంక్తిలో కూర్చుని జరగదు, పంక్తిలోకి రాకపోవడం ద్వారా జరుగుతుంది. భూమి ఉన్న కులాల పిల్లలు ఉదయం ఏడున్నరకే కాన్వెంటు బస్సు ఎక్కి పట్నం వెళ్లిపోతారు. వెనుకబడిన కులాల్లో కాస్త స్తోమత ఉన్నవారు అప్పు చేసి అయినా వారి వెంట నడుస్తున్నారు. ఊళ్లోని ప్రభుత్వ బడి క్రమంగా దళితవాడ బడి అయింది. తిననివారే లేనప్పుడు గొడవెందుకు జరుగుతుంది? 2020లో అమ్మఒడి, 2025లో తల్లికి వందనం ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ వర్తించాయి. ఇద్దరు పిల్లలకు తల్లికి వందనం కింద చూపే 30,000 రూపాయలు వంట కార్మికురాలి ఏడాది గౌరవ వేతనంతో సమానం. తల్లులకు డబ్బు ఇవ్వడాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఒకే బడ్జెట్టులో తల్లితనానికి కట్టిన వెలను, ఆ తల్లే చేసే శ్రమకు కట్టిన వెలను పోల్చి చూడమంటున్నాను.

ఈ నేలకు సహపంక్తి భోజనాల చరిత్ర ఉంది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా, ఆ తరువాత విజయవాడ పటమటలోనూ, కులాలన్నీ ఒకే వరుసలో కూర్చుని తినే భోజనాలను ఉద్యమంగా నడిపారు. ఆ రోజుల్లో అది వెలికి సిద్ధపడిన పని. అయితే అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో సహపంక్తి భోజనాల వల్ల మాత్రమే కులం చావదని హెచ్చరించారు. డెల్టా అనుభవం ఆయన మాటనే బలపరుస్తున్నది. కలిసి తినాలన్న ఆదర్శాన్ని ప్రభుత్వం చట్టం చేసేనాటికి, కలిసి తినవలసినవారు బడి మార్చారు. దీనికి 2022లో జీవో 117 కింద జరిగిన హేతుబద్ధీకరణ తోడైంది. మూడు, నాలుగు, ఐదు తరగతులు ఉన్నత పాఠశాలలకు తరలిన చోట చిన్న బడిలో పిల్లలు పలచబడ్డారు. నిబంధన ప్రకారం పాతికమంది దాకా ఒకే వంటమనిషి, నూరుమంది దాకా ఇద్దరు. అంకె తగ్గితే ముందుగా ఊడేది దళితవాడ బడిలోని రెండో చెయ్యి. 2025లో ఆ జీవోను ఉపసంహరించుకున్నారు. పోయిన పొయ్యిలన్నీ తిరిగి వెలిగాయా అన్నది ప్రభుత్వం చెప్పాలి.

ఇప్పుడు కొత్త సాయం వస్తున్నది. కార్పొరేట్ సామాజిక బాధ్యత నిధులు, విదేశాల్లోని దాతల విరాళాలు, వాటితో నడిచే కేంద్రీకృత వంటశాలలు. అక్షయపాత్ర సంస్థ వంటశాల 2022 ఫిబ్రవరిలో మంగళగిరి మండలం ఆత్మకూరులో ప్రారంభమైంది. కడప జిల్లాలో ‘స్మార్ట్ కిచెన్లు’ మొదలయ్యాయి. ఆవిరితో వంట, కొలిచిన దినుసులు, శుభ్రత, సమయానికి వ్యాను... ఇవన్నీ మంచివే. పొగచూరిన రేకుల షెడ్డులో కళ్లు తుడుచుకుంటూ వండే మహిళను చూసినవారెవరూ యంత్రాన్ని కాదనలేరు. కాని ఆ సంస్థ సాత్విక నియమం ప్రకారం వంటలో ఉల్లి, వెల్లుల్లి వాడదు, గుడ్డు వండదు. మన రాష్ట్రం బడి పిల్లలకు వారానికి ఐదు గుడ్లు ఇస్తున్నది. ఈ విషయంలో మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాల కంటే మనం ఎంతో ముందున్నాం, పార్టీలకు అతీతంగా అందుకు అభినందించాలి. గుడ్ల ధరల పట్టికలో తన పేరు రోజూ చూసుకునే విజయవాడకు ఇది సహజం కూడా. మరి ఆ వంటశాల పరిధిలోని బడిలో గుడ్డు ఎవరు ఉడకబెడతారు? వేరే ఎవరో, వేరే పొయ్యి మీద. శుద్ధి, మైలల విభజన ఎవరూ ఉద్దేశించకుండానే ఇలా వంటగదుల మధ్య గీతగా మారిపోతుంది. పిల్లల్లో అత్యధికుల ఇళ్లలో ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు, మాంసం, చేప రోజువారీ తిండి అయినప్పుడు, బడి వారి ఇంటి రుచిని పక్కన పెట్టి మరో సంప్రదాయపు పథ్యాన్ని ప్రామాణికం చేయడం పౌష్టికతకు సంబంధించిన నిర్ణయం కాదు.

ఇంకొకటి ఉంది. వేల పళ్లాలకు ఒకే వంటశాల అంటే వందల వంటగదులు మూతపడటం. అక్కడ పనిచేసిన మహిళలు వ్యాను దించే డబ్బాలు అందుకునే సహాయకులుగా మిగులుతారు, లేదా మిగలరు. 2004 నాటి కోర్టు ఉత్తర్వు దళిత మహిళకు ఇచ్చిన స్థానాన్ని ఏ ప్రభుత్వమూ బహిరంగంగా రద్దు చేయదు. నాణ్యత పేరిట ఆ స్థానమే లేకుండా చేయవచ్చు. గ్రామంలో ఆమెను తొలగించాలనుకునేవారికి ఇప్పటికే ఒక పద్ధతి ఉంది. ప్రభుత్వం మారిన ప్రతిసారీ ‘మన పార్టీ గ్రూపు’ అంటూ ఏజెన్సీని మార్చడం. ఎన్నికల ఫలితాల తరువాత మొదటగా మారేవి రేషను డీలరు, వంట ఏజెన్సీ అన్నది ఊళ్లలో అందరికీ తెలిసిన సంగతి. రెండు పార్టీల హయాంలోనూ ఇది జరిగింది.

డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టడంపై నాకు అభ్యంతరం లేదు. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారికి ఆమె వేళాపాళా చూడకుండా వండి పెట్టింది, గోదావరి సీమ ఆమెను అపర అన్నపూర్ణగా గుండెల్లో పెట్టుకుంది. అయితే ఆమె చేసింది అన్నదానం. బడి భోజనం 2013 ఆహార భద్రతా చట్టం కింద పిల్లల హక్కు. దానానికి దాత మనసు కొలమానం, హక్కుకు చట్టం కొలమానం. దాత పేరు మీద నడిచే పథకంలో వండే మనిషిని కూడా దానశీలిగా ఊహించుకోవడం తేలిక, అందుకే కాబోలు ఆమె చేత ఏడాది పొడవునా అప్పు తెప్పించి వండించుకోవడం ఎవరికీ ఎబ్బెట్టుగా తోచడం లేదు. తమిళనాడులో 1982లో ఎంజీఆర్ పథకాన్ని విస్తరించిన తరువాత వంట సిబ్బంది ప్రభుత్వ వ్యవస్థలో భాగమై ప్రత్యేక వేతన శ్రేణి, పింఛను సాధించుకున్నారు. కేరళ రోజుకు 600 రూపాయలకు తగ్గకుండా ఇస్తున్నది. ఆ రాష్ట్రాల ఖజానాల్లో బంగారం కురవలేదు. అక్కడ సంఘాలు కట్టారు, పోరాడారు, ఓట్లతో లెక్క చెప్పించారు.

పిల్లల పౌష్టికతకు దీనికీ సంబంధమేమిటని అడిగేవారు ఒక్క అంకె చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మంది రక్తహీనులు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం. బిడ్డ రక్తహీనత తల్లి దగ్గర మొదలవుతుంది. గుడ్డు ఉడకబెట్టే మహిళ కూడా ఆ 58.8 శాతంలో ఉండే అవకాశమే ఎక్కువ. పథకం లెక్కల్లో ఆమె వండుతుంది, ఆమె పళ్లెం మాత్రం ఎక్కడా లేదు. ఆమెకు కనీస వేతనం దక్కితే ఆ ఇంటి పిల్లలకు రాత్రి భోజనంలోనూ పప్పు పడుతుంది. బడి సెలవుల్లోనూ పడుతుంది.

వడ్డీ లేని రుణాల అంకెలు చూపి మహిళా సాధికారత సాధించామనే పార్టీలు ఇక ఈ పొయ్యి దగ్గరికి రావాలి. వంట కార్మికులను షెడ్యూల్డ్ ఉపాధిలో చేర్చి కనీస వేతనం వర్తింపజేయాలి. సామగ్రి ఖర్చును కనీసం ఒక నెల ముందుగా ఏజెన్సీ ఖాతాలో వేయాలి. బిల్లు ఆలస్యమైతే గ్రూపు అప్పుకు పడే వడ్డీని ప్రభుత్వమే భరించాలి. వంట కార్మికుల్లో దళిత, ఆదివాసీ మహిళలు ఎందరో జిల్లాలవారీగా ప్రకటించాలి. రాజకీయ కారణంతో ఏజెన్సీ మార్చే అధికారాన్ని తీసివేయాలి. వంటగదులను ఆధునికీకరించడానికి దాతలు, విదేశీ సంస్థలు ముందుకు వస్తే ఆ యంత్రాలు ఇదే మహిళల చేతికి రావాలి, బడి ఆవరణలోనే ఉండాలి.

ఇవన్నీ కాలయాపన లేకుండా జరుగుతాయన్న భ్రమ నాకు లేదు. ఒక్క పని మాత్రం ఈ విద్యా సంవత్సరంలోనే చేయవచ్చు, పెద్ద ఖర్చు లేదు. ప్రతి ప్రభుత్వ బడి గోడ మీద వారంలో ఏ రోజు ఏ కూరో రంగులతో రాసి ఉంటుంది. దాని కింద ఇంకో రెండు వరుసలు రాయించాలి: వంట ఏజెన్సీకి చివరి బిల్లు చెల్లించిన తేదీ, ఇప్పటికి ఉన్న బకాయి.